అత్తింట్లో ముంచుడు, పుట్టింట్లో చిలకరింపు

ప్రశ్న: మా పుట్టిల్లు మెదక్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. పసితనంలోనే చిలకరింపు బాప్తిస్మం, తర్వాత ఆ విశ్వాసాన్ని నా నోటితో ఒప్పుకునే కన్ఫర్మేషన్ అయ్యాయి. జడ్చర్లలో మెన్నోనైట్ బ్రెదరెన్ అనే సంఘం వాళ్లింటికి కోడలిగా వచ్చాను. నీళ్లలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకునేదాకా నాకు రక్షణ లేనట్టే అంటుంది అత్తమ్మ. ఆరాధనలో రొట్టె పంచే ప్రభు బల్ల పళ్లెం నన్ను దాటిపోతుంటే ఏడుపొస్తుంది. బాబుకు ఐదో నెల. వాడికి బాప్తిస్మం ఇప్పించమని అమ్మ ఒకటే పోరు. మా ఆయన ఏమీ మాట్లాడడు.

జవాబు: అమ్మా, ముందు ఒక మాట గట్టిగా చెబుతాను. మీరు రక్షణ లేనివారు కాదు. క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి అయ్యాడు, మూడో రోజు లేచాడు. కొరింథీయులకు తాను మొదట అప్పగించింది ఇదే అని బైబిల్లో పౌలు రాశాడు. దీన్ని మీ అత్తమ్మా నమ్ముతుంది, మీరూ నమ్ముతారు. ఇక్కడ తేడా వస్తే విశ్వాసానికే తేడా. ఏ వయసులో, ఎన్ని నీళ్లతో అన్నది ఆ వరుసలో రాదు.

అలాగని అది చిన్న విషయమని అత్తమ్మతో అనకండి. పెద్దయ్యాక నమ్మి తీసుకునేదే బాప్తిస్మమని 1525లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో తెగించి నిలబడ్డవాళ్ల వారసులే మెన్నోనైట్లు. ఆ బోధ కోసమే వాళ్లలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527లో అక్కడి నదిలో ముంచి చంపారు. అంత ఖరీదు కట్టి నిలుపుకున్న మాటను చాదస్తం అనలేం. మీ సీఎస్ఐ పట్టూ తక్కువేం కాదు, ఒకసారి జరిగిన బాప్తిస్మాన్ని మళ్లీ ఇవ్వడానికి అది ఒప్పుకోదు.

అందుకే అత్తమ్మను మెప్పించడానికో, ఆ పళ్లెం కోసమో నీళ్లలో దిగకండి. మనసారా నమ్మి, తానే అడిగి తీసుకోవాలన్నది వాళ్ల బోధే కదా! ఇంట్లో పోరు పడలేక మునిగితే వాళ్ల లెక్కలోనూ అది చెల్లదు. రేపు మీ మనసే ఒప్పుకుంటే ఆ సంగతి వేరు.

బాబు విషయంలో మాత్రం మీరు తగ్గితే మంచిదని నా అభిప్రాయం. ఇప్పటికి అత్తింటి సంఘంలో, బాప్తిస్మం కాకుండా బిడ్డను దేవునికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థన చేయించి, అమ్మానాన్నలను దగ్గరుండమని పిలవండి. సీఎస్ఐలోనూ పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకునేవాళ్లు ఉన్నారని అమ్మకు చెప్పండి. పుట్టింటికి వెళ్లినప్పుడు చాటుగా ఇప్పించడం అస్సలు వద్దు.

ఇక మీ ఆయన నోరు విప్పాలి. "తను విశ్వాసి కాదని ఇంకెప్పుడూ అనకమ్మా" అని తల్లితో ఆయనే చెప్పాలి, మీరు కాదు. తర్వాత అత్తమ్మనూ తీసుకుని పాస్టర్ గారిని కలవండి. బల్ల విషయంలో సంఘం నియమం ఆయన సడలించకపోవచ్చు. కానీ సభ్యత్వం వేరు, రక్షణ వేరు అన్న మాట ఆయన నోటితో అత్తమ్మ వింటే, ఇంట్లో సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.