రాత్రి పదకొండున్నరకు ఎవరి కోసం మేలుకుంటున్నారు?

ప్రశ్న: పగలు సెల్‌ఫోన్ల దుకాణంలో పని చేస్తాను. రాత్రిళ్లు క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కాయిన్లు) గురించి తెలుగులో వివరించే ఇన్‌స్టాగ్రామ్ పేజీ నడుపుతున్నాను. ఎనిమిది నెలల్లో 1,140 మంది చేరారు. రోజుకు ఆరు పోస్టులు పెడతాను, అమెరికా వార్తలు తప్పిపోతాయేమోనని పొద్దుపోయేదాకా మేలుకుంటాను, ధర ఎలా ఉందోనని నిద్రలో లేచి చూస్తాను. నా పోస్టు చదివి నరసన్నపేటలో మా పెదనాన్నగారి అబ్బాయి ఒక కాయిన్ కొని 8,000 రూపాయలు పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి నిద్ర సరిగా లేదు. ఫోను మోగితే గుండెదడ. పేజీ మానేయాలా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మానేయనక్కర్లేదు తమ్ముడూ. ముందు తలుపు వేసే వేళ ఒకటి పెట్టుకోండి.

విజయనగరంలో నేను పదహారేళ్లు ఒక పత్రిక రాత్రి డెస్కులో పని చేశాను. అచ్చుయంత్రం తిరగడం మొదలైతే ఎంత పెద్ద వార్తయినా మర్నాటికే. ఆ గడువును రోజూ తిట్టుకునేవాళ్లం, ఇంటికి వెళ్లి నిద్రపోగలిగింది మాత్రం దానివల్లే. క్రిప్టో మార్కెట్టుకు సెలవు లేదు, మూసే గంట లేదు. ఆ గంట మీరే కొట్టాలి. రాత్రి తొమ్మిదిన్నర అనుకోండి.

అమెరికా వార్తలకు క్రిప్టో ధరలు కదులుతాయి, ఆ వార్తలు తప్పిపోతాయని మీ భయం. అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ నిర్ణయం మనకు వేసవిలో రాత్రి 11.30కు, చలికాలంలో 12.30కు తెలుస్తుంది. నిజమే. కానీ ఆ సమావేశాలు మామూలుగా ఏడాదికి ఎనిమిదే, తేదీలు ముందే ప్రకటిస్తారు. అక్కడి ద్రవ్యోల్బణం, అంటే సరుకుల ధరల పెరుగుదల లెక్కలు నెలకోసారి, మన సాయంత్రం ఆరింటికో ఏడింటికో వస్తాయి. ఎనిమిది రాత్రుల కోసం మీరు ఏడాది పొడవునా కాపలా కాస్తున్నారు!

రోజుకు ఆరు పోస్టులు వద్దు, వారానికి మూడు చాలు. ధర తెల్లారేసరికి పాతబడుతుంది. లాభంపై 30 శాతం పన్ను, అమ్మకంపై 1 శాతం టీడీఎస్ (చేతికి డబ్బు రాకముందే కోసుకునే పన్ను) ఎలా పడతాయి, ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంలోంచి ఎందుకు తీసివేయనివ్వరు అన్నవి 2022లో వచ్చిన నిబంధనలు. వాటిని తెలుగులో ఓపికగా చెబితే ఎంతమందికి మేలో! ఆదివారం కూర్చుంటే మూడూ రాసేయవచ్చు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిమ్మల్ని తినేస్తున్నది ఆ 8,000 అని నాకు అనిపిస్తోంది. అతను కొన్న కాయిన్ మళ్లీ లేస్తుందేమోనని లేచి చూస్తున్నారు, అవునా? పదకొండు వందల మంది డబ్బు దిండు కింద పెట్టుకుని పడుకుంటే ఎవరికైనా నిద్ర పట్టదు. “ఏది కొనమంటారు?” అని అడిగే ప్రతివారికీ ఒకే మాట రాయండి: “కొనమనీ అమ్మమనీ నేను చెప్పను, అది ఎలా పని చేస్తుందో మాత్రం చెబుతాను.” పేజీ పైన కూడా అదే పెట్టండి. కొందరు వెళ్లిపోతారు. పోనివ్వండి.

గుండెదడ గురించి మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యుణ్ని కలవండి. మనసు బరువెక్కినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

వచ్చే సెలవు రోజున నరసన్నపేట బస్సెక్కండి. డబ్బు సంగతి తర్వాత. ఆ పోస్టులో ఏ మాట రాయకుండా ఉండవలసిందో అతని ఎదుట కూర్చుని మీ నోటితో చెప్పండి. అతను కోప్పడితే పడనివ్వండి, భోజనం వేళ దాకా ఉండి రండి.