మొహం వాచేది ఆవకాయకు కాదండీ, అన్నానికి

విదేశాల్లో ఉండే తెలుగువాళ్లు మన తిండిలో దేనికి ఎక్కువగా మొహం వాచిపోతారు, ఆవకాయకా, గోంగూరకా, బిర్యానీకా అని అడిగారు. పైగా త్వరలో చదువుకోడానికి అమెరికా బయల్దేరుతున్నానని కూడా రాశారు. నన్నడిగితే ఈ మూడింటికీ కాదు. మామూలు తెల్లన్నానికి. నవ్వకండి, చెబుతాను.

నేనుండేది డాలస్ పక్కన. ఇటు ఫ్రిస్కో, అటు ఇర్వింగ్, ఎటు వెళ్లినా తెలుగు హోటల్ తగులుతుంది. గోంగూర కొట్లో కట్టలుగా దొరుకుతుంది, పెరట్లో వేసుకుంటే టెక్సస్ ఎండకి మనూళ్లోకంటే ఏపుగా వస్తుంది. మునక్కాయలు ముక్కలు కోసి గడ్డకట్టించి అమ్ముతారు. ఆవకాయ సరేసరి, ప్రతి ఇంట్లోనూ అమ్మో అత్తగారో మూత చుట్టూ టేపు చుట్టి పంపిన సీసా ఒకటి ఉంటుంది. అందుకే వీటికోసం అల్లాడిపోతున్నాం అనేవాళ్లు సగం అలవాటుకొద్దీ అంటున్నారని నా అనుమానం. బియ్యం అలా కాదు. ఇంట్లో ఉన్నంతకాలం ఎవరూ దాని పేరెత్తరు, దొరకదేమో అని తెలిసిందంటే మాత్రం ఎవరూ మనుషుల్లా ఉండరు. 2023 జూలైలో కళ్లారా చూశాను.

ఆ నెల 20న, గురువారం, బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్ర ప్రభుత్వం ఆపేసింది. దేశంలో బియ్యం ధర పెరుగుతోంది, వానలు ఎలా ఉంటాయో తెలియదు, ముందు మనవాళ్లకి ఉండాలి కదా అని. ప్రపంచంలో దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో నూటికి 40 పాళ్లు మనవే, కాబట్టి చిన్న కబురేం కాదు. అక్కడ సాయంత్రమంటే మాకు పొద్దున. ఆఫీసులో కాఫీ తాగుతుండగానే కాలనీ వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చింది, లంచ్ లోపే ఎవరో ఖాళీ అరల ఫొటో పెట్టారు. ఆ ఫొటో ఏ ఊరిదో, ఏ కొట్టుదో ఎవరూ అడగలేదు. అందరికీ టెన్షన్ మొదలైంది.

మా ఇంట్లో బియ్యం నిజంగానే అడుగంటాయి, శుక్రవారం సాయంత్రం వెళ్లాను. పార్కింగ్‌లో చోటు లేదు. ఇరవై పౌన్ల బస్తా, అంటే తొమ్మిది కిలోలు, అంతకుముందు వారం ఇరవై డాలర్లకు అటూ ఇటూగా ఉండేది, ఆ సాయంత్రం పాత ధర మీద కాగితం అంటించి దాదాపు రెట్టింపు రాశారు. ఆ బస్తాలు గోడౌన్‌కి ఎప్పుడో చేరినవి, కొన్నది పాత ధరకి, అయినా మాట్లాడేవాడు లేడు. కుటుంబానికి ఒక్క బస్తా అని బోర్డు పెట్టారు. పెట్టగానే మనవాళ్ల తెలివి చూడాలి! మొగుడు ఒక లైన్లో, పెళ్లాం ఇంకో లైన్లో, ఒకరికొకరు ముక్కూమొహం తెలియనట్టు నిలబడ్డారు. నా ముందున్నాయన ఫోన్ చూసుకుంటూ బాగానే నటిస్తున్నాడు, ఇంతలో పక్క లైన్లోంచి నాలుగేళ్ల పిల్ల "డాడీ, మమ్మీకి కూడా బస్తా దొరికింది" అని అరిచింది. కౌంటర్ దగ్గర అబ్బాయి గుజరాతీ, అయినా డాడీ, మమ్మీ అర్థం కావడానికి తెలుగు రావాలా? ఒక బస్తా వెనక్కి తీసుకున్నాడు. ఆయనకి కోపం వచ్చింది, కొట్టువాడి మీద కాదు, ప్రభుత్వం మీద.

నా వెనక ఒక పెద్దావిడ, కొడుకు దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చినట్టున్నారు, ఇదంతా కాసేపు చూసి "ఏంటి నాయనా, ఇక్కడ కూడా రేషనా?" అని అడిగారు. విషయం చెప్పాను. ఆవిడ నోరు నొక్కుకుని, "రామారావు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు మా ఊళ్లో కూడా ఇంత తోపులాట లేదు, అప్పుడు నిజంగా లేనివాళ్లం" అన్నారు. 1983 నాటి మాట. కొడుకు "అమ్మా, మెల్లగా" అంటూ చుట్టూ చూశాడు. బయట ఆయన కారు టెస్లా.

సోమవారం ఆఫీసుకి వెళ్తే తమిళ స్నేహితుడు హాయిగా ఉన్నాడు. నిషేధం పచ్చి బియ్యానికే, వాళ్ల ఉప్పుడు బియ్యానికి లేదు. కేరళవాళ్ల మట్ట బియ్యం కూడా ఉప్పుడుదే, వాళ్లూ క్షేమం. ఉత్తరాదివాళ్లకి బాస్మతి ఉండనే ఉంది. మధ్యలో దెబ్బ తిన్నది మనమూ కన్నడిగులూ. ఆగస్టు చివర ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశాక తమిళుడు మళ్లీ నాతో సమానంగా బాధపడ్డాడు, అది వేరే సంగతి.

ఢిల్లీవాడు ఒకడు "దానికేముంది, బాస్మతి తినండి" అన్నాడు. అదిగో, నాకు ఒళ్లు మండేది అక్కడే. బాస్మతి ఉడికితే పొడుగ్గా సాగుతుంది, మెతుకుకి మెతుకు అంటదు, బిర్యానీకి అదే కావాలి, కాదనను. అందులో ముద్దపప్పు వేసి నెయ్యి పోసి కలపండి చూద్దాం, పప్పు పప్పే, అన్నం అన్నమే. వేళ్ల మధ్యనుంచి జారిపోతుంది, ముద్ద కాదు. ఇక పెరుగన్నం అయితే చీపురు పుల్లలు నమిలినట్టు ఉంటుంది. థాయ్‌లాండ్ జాస్మిన్ బియ్యం మెత్తగా ఉంటుంది కానీ దాని వాసన మన చారుని తినేస్తుంది. కాలిఫోర్నియాలో పండే కాల్‌రోజ్ బంకబంకగా ఉండకడుతుంది, అది జపాన్ వంటకి. హ్యూస్టన్ చుట్టుపక్కల వరి బాగానే పండుతుంది, అదీ పొడుగు గింజే. ఇంతమంది తెలుగువాళ్లు ఇక్కడ ఇళ్లు కొన్నారు, గుళ్లు కట్టారు, ఒక్కడూ నాలుగెకరాలు తీసుకుని మన రకం వేయడేం?

మన రకం అంటే ఏది అని అడక్కండి, మాది బాపట్ల వైపు. మీరు సోనా మసూరి అని కొనే బస్తాల్లో చాలావాటిలో ఉండేది సాంబ మసూరి, అంటే బీపీటీ 5204. ఆ బీపీటీలో ఉన్నది బాపట్లే. 1986లో అక్కడి పరిశోధన కేంద్రం నుంచి బయటికొచ్చిన వంగడం. కర్నూలు సోనా అంటూ కర్నూలు పేరు మీద అమ్ముతారు, సంతోషమే, మా ఊరి పేరు మాత్రం ఒక్క బస్తా మీద కూడా వేయరు, నెమలి బొమ్మ వేస్తారు. మా నాన్న దాన్ని ఏటా తిట్టుకుంటూనే వేసేవాడు, అగ్గి తెగులుకీ ఎండాకు తెగులుకీ ఇట్టే లొంగిపోతుందని. ఇంకో రకం వేయొచ్చుగా అంటే "అమ్ముకోడానికి ఏదైనా వేయొచ్చురా, తినడానికి ఇదే" అనేవాడు. ఎదురింటి కరీంనగర్ అన్న తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048, తెప్పించుకుంటాడు, షుగర్ ఉన్నవాళ్లకి నయమట. గింజ సన్నం, రుచీ బాగుంటుంది. బాపట్లవాణ్ని కాబట్టి అంతకుమించి పొగడలేను.

షుగర్ అంటే గుర్తొచ్చింది, ఇక్కడి డాక్టర్లది ఇంకో గోల. మన పేరు చూడగానే "అన్నం తగ్గించండి, క్వినోవా తినండి" అంటారు, అన్నానికి బదులు వండుకునే ఒకరకం గింజలవి. క్వినోవాలో గోంగూర పచ్చడి కలుపుకుని తిని చూపించిన డాక్టరు మాట నేను తప్పకుండా వింటాను. హోటళ్లు మరీ అన్యాయం. ఆంధ్రా భోజనం అని బోర్డు కట్టి, పద్దెనిమిది డాలర్లు పుచ్చుకుని, అరిటాకు బొమ్మ ఉన్న ప్లేటులో బాస్మతి వడ్డిస్తారు. బస్తాల మీద పాత బియ్యం అని రాసేది కూడా నమ్మకండి, కొత్తవైనా పాతవైనా అదే రాత.

ఆ తర్వాత ఏమైందంటే, ముందే ఓడలెక్కిన సరుకు రావడంతో కొన్ని వారాల్లో మా వైపు కొట్లు మళ్లీ నిండాయి. గరాజ్‌లో బస్తాలు పేర్చుకున్నవాళ్ల ఇళ్లలో ఆ ఎండకి ముక్కు పురుగు పట్టింది. సంక్రాంతి నాటికి "తమ్ముడూ, బియ్యం ఏమన్నా కావాలా, ఊరికే తీసుకెళ్లు" అని ఫోన్లు. నిషేధం 2024 సెప్టెంబర్ 28న ఎత్తేశారు, టన్నుకి కనీసం 490 డాలర్లకు అమ్మాలని షరతు పెట్టి. అక్టోబర్‌లో ఆ షరతూ తీసేశారు.

ఇక మీరు బయల్దేరుతున్నారు కాబట్టి. పొడులు, మామూలు కూరగాయ పచ్చళ్లు నూనె కారకుండా కట్టి తెచ్చుకోండి. బియ్యం మాత్రం కిలో కూడా పెట్టకండి. ఖాప్రా అని గింజల్ని తినే పురుగొకటి ఉంది, దాని భయంతో మన దేశం లాంటి చోట్ల నుంచి ప్రయాణికులు సామానులో బియ్యం తేవడాన్ని 2011లోనే ఆపేశారు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. ఎలక్ట్రిక్ కుక్కర్ కూడా దండగ, అక్కడ 230 వోల్టులు, ఇక్కడ 120. పొయ్యి మీద పెట్టే ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి, మూడు లీటర్లది చాలు, గాస్కెట్లు రెండు అదనంగా పెట్టుకోండి, మన కంపెనీ కుక్కర్లకి సరిపోయేవి ఇక్కడ వెతుక్కోవాలి.