నడిస్తే ఖర్చు లేదు, కూర్చుంటేనే

తమ్ముడూ, నీ ప్రశ్న చూసి నవ్వొచ్చింది. పనికోసం సింగపూర్ వస్తున్నానని రాసి, ఇక్కడి సింగపూర్ నది పక్కన నడవడానికి టికెట్ ఎంత అని అడిగావు. మన శ్రీకాకుళంలో నాగావళి గట్టుమీద నడిస్తే ఎవరైనా డబ్బులడుగుతారా? ఇక్కడా అంతే. డబ్బులు పోయేది కూర్చున్నప్పుడు. అది నాకెలా తెలిసిందో చెప్తాను.

నేను వచ్చింది 2011లో. ఏజెంటుకి కట్టడానికి మా నాన్న లక్షన్నర అప్పు తెచ్చారు, నూటికి రెండు రూపాయల వడ్డీ. మొదటి జీతం చేతికొచ్చిన ఆదివారం నేనూ, మా రూమ్మేటూ లిటిల్ ఇండియాలో మెట్రో ఎక్కి రెండో స్టేషన్ క్లార్క్ కీలో దిగి, బోట్ కీ వైపు నడిచాం. నది ఒడ్డున వరసగా పాత పెంకుటిళ్ల షాపులు, వాటి నెత్తిమీదే బ్యాంకుల టవర్లు, నోరు తెరుచుకుని చూస్తూ పోతున్నాం. ఏడు రోడ్ల కూడలిలో ఆటోవాళ్లు ‘ఆమదాలవలస, ఆమదాలవలస’ అని లాగినట్టు హోటళ్లవాళ్లు పిలుస్తున్నారు. ఒకాయన మరీ మర్యాదగా పిలిచాడని కూర్చున్నాం. అడక్కుండానే వేరుశెనగలు, తడి టిష్యూలు పెట్టాడు. ఎంత మంచివాళ్లో అనుకుని తినేశాం. పీత ఎదురుగా మెనూలో ధర లేదు, అడగడానికి సిగ్గేసింది.

బిల్లులో అన్నీ ఉన్నాయి. పీతకి తూకం లెక్క, వేరుశెనగలకి, టిష్యూలకి విడిగా, మొత్తం మీద పది శాతం సర్వీస్ ఛార్జి, దాని మీద జీఎస్టీ. తొంభై డాలర్లు దాటింది, అప్పటి లెక్కన మూడు వేల పైమాటే. అంటే నాన్న కట్టే ఒక నెల వడ్డీని మేమిద్దరం ఒక్క పూటలో పీతతో కలిపి నమిలేశామన్నమాట. దాంతో మిగతా నడక మానేసి రూముకెళ్లిపోయాం. ఇప్పుడంటే ఇక్కడే ఇల్లు కొనుక్కుని ఉన్నాను గానీ, మెనూలో ధర పక్కన రెండు ప్లస్సులు (++, అంటే సర్వీస్ ఛార్జీ, జీఎస్టీ విడిగా పడతాయని) కనబడితే ఇప్పటికీ టెన్షనే. జీఎస్టీ ఇప్పుడు 9 శాతం అయింది కూడా.

ఆ మిగతా నడక పూర్తిచేసింది ఆరు నెలల తర్వాత, చేతిలో నీళ్ల సీసాతో. ఇక్కడ కుళాయి నీళ్లే తాగొచ్చు, కొనకు. బోట్ కీ దాటాక కావెనా వంతెన వస్తుంది, ఇప్పుడు నడిచేవాళ్లకే. పశువుల్నీ గుర్రాల్నీ తోలుకెళ్లకూడదని పాతకాలం బోర్డు ఇంకా ఉంది, మన పాత వంతెన మీద అలాంటిది పెడితే సగం ట్రాఫిక్ ఆగిపోను! దాని దగ్గరే బట్టల్లేకుండా నదిలోకి దూకుతున్న పిల్లల కంచు బొమ్మలు చూడు. కోటేశ్వరస్వామి గుడి రేవులో మనం దూకినట్టే ఉంటుంది, నాకైతే అక్కడే కాసేపు కాళ్లు ఆగిపోతాయి. ఇప్పుడింత శుభ్రంగా కనబడే ఈ నది ఒకప్పుడు కంపుకొట్టేదట, 1977లో మొదలుపెట్టి పదేళ్లు పట్టింది బాగుచెయ్యడానికి, సరుకు పడవల్ని కూడా ఇక్కడినుంచి పంపేశారు.

వంతెన దాటితే 1819లో బ్రిటిష్ అధికారి రాఫిల్స్ దిగాడని చెప్పే చోట ఆయన తెల్ల విగ్రహం, ఆ పక్కనే మ్యూజియం. లోపలికి వెళ్లాలంటే ముందు ధర చూసుకో, బయటినుంచి చూస్తే ఖర్చు లేదు. మళ్లీ ఇవతలికొచ్చి ఫుల్లర్టన్ హోటల్ ముందునుంచి పోతే నీళ్లు కక్కే సింహం, ఎదురుగా మూడు టవర్ల మీద ఓడ పెట్టినట్టుండే మెరీనా బే శాండ్స్. అంతా కలిపి రెండు కిలోమీటర్ల లోపే. ఎండ తగ్గాక రా, ఇక్కడ పొద్దు ఏడింటికి గానీ వాలదు.

పర్మిట్ రూల్సూ, చెత్త పారేస్తే పడే ఫైన్లూ ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉంటాయి, చదువుకున్నవాడివి, చూసుకో. నీ అప్పు ఎంత, వడ్డీ ఎంత అన్నది మాత్రం నువ్వు రాయలేదు. అది రాయి ముందు. ఆకలేస్తే లిటిల్ ఇండియాకి తిరిగొచ్చి తిను, పొరపాటున ఒడ్డున కూర్చున్నా, వేరుశెనగల గిన్నె రాగానే ‘వద్దు’ అని వెనక్కి పంపెయ్.