మైదానం కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యాక ముడసర్లోవలోని ఈస్ట్ పాయింట్ క్లబ్బులో గోల్ఫ్ నేర్చుకున్నాను. మా అబ్బాయి ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తున్నాడు, ఈ వేసవికి మమ్మల్ని రమ్మంటున్నాడు. స్కాట్లండ్‌లో ఉన్న, టీవీలో చూసే సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఒక్కసారైనా ఆడాలని నా కోరిక. మెంబర్లను తప్ప ఎవరినీ రానివ్వరని మా క్లబ్బులో అంటున్నారు. ఎవరి రికమెండేషనైనా పట్టుకోవాలా? మా ఆవిడకు గోల్ఫ్ రాదు. అంత దూరం వచ్చి ఆమె ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రికమెండేషన్ అక్కర్లేదండీ. ఎంత పెద్దమనిషి ఉత్తరం పట్టుకెళ్లినా అక్కడ పని జరగదు కూడా. మీ క్లబ్బువాళ్లు పొరబడటానికి కారణం మొదటి టీ (ఆట మొదలుపెట్టి తొలి దెబ్బ కొట్టే చోటు) వెనక కనిపించే ఆ రాతి భవనం. అది రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు. దాని గడప మాత్రం మీరూ నేనూ తొక్కలేం. కోర్సు కూడా వాళ్లదే అనుకుంటారు చాలామంది. కాదు, అది ఊరి సొత్తు. ఆ ఇసుకనేల మీద గోల్ఫ్ ఆడుకునే హక్కు ఊరి జనానిదేనని 1552లోనే అక్కడి ఆర్చిబిషప్ రాసిచ్చాడు. తర్వాత ఊరి కౌన్సిల్ అప్పులపాలై ఆ నేల చేజారింది. కుందేళ్లు పెంచే వ్యాపారులకూ గోల్ఫర్లకూ ఏళ్ల తరబడి కోర్టు గొడవలు నడిచాయి. చివరికి 1894లో పార్లమెంటు చట్టం తెచ్చుకుని మరీ ఊరు దాన్ని తిరిగి కొనుక్కుంది. 1974 నుంచి సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్ట్ నడుపుతోంది. అందుకే టైగర్ వుడ్స్ 2000లో, 2005లో బ్రిటిష్ ఓపెన్ టోర్నమెంటు గెలిచిన గడ్డి మీద రిటైర్డ్ ఇంజనీర్లు, బడిపంతుళ్లు కూడా ఆడుతుంటారు.

చోటు దొరికేది లాటరీలో. వాళ్లు బ్యాలెట్ అంటారు. ఆడాలనుకున్న రోజుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం 2 గంటల లోపు పేర్లు ఇవ్వాలి. కనీసం ఇద్దరు, గరిష్ఠంగా నలుగురు. ఆ సాయంత్రమే ఫలితం తెలుస్తుంది. మీ అబ్బాయి ఆడతాడా? ఆడితే ఇద్దరి పేర్లూ రోజూ వేయించండి. ఆడకపోతే ఒంటరివాళ్లకు వేరే లాటరీ ఉంది. దానికి ముందురోజు స్వయంగా అక్కడికి వెళ్లి పేరు రాయించుకోవాలి. ఇదివరకు ఒంటరివాళ్లు తిరుపతి క్యూలో లాగా రాత్రంతా అక్కడి పెవిలియన్ ముందే దుప్పట్లు కప్పుకుని కూర్చునేవారు. 2024 నుంచి ఆ బాధ తప్పింది.

అధికారిక హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) లేనిదే టీ మీదకు రానివ్వరు. మీ క్లబ్బు సెక్రటరీని అడిగి ఇండియన్ గోల్ఫ్ యూనియన్ లెక్క ప్రకారం ఇప్పుడే తీసి పెట్టుకోండి. బయల్దేరే వారం ముందు పరుగులు పెడితే కుదరదు. ఇక డబ్బు. వేసవిలో ఒక్క రౌండుకు మూడు వందల పౌండ్లు దాటింది, అంటే మన డబ్బుల్లో ముప్పై వేల పైమాటే. బ్యాగు మోస్తూ సలహా చెప్పే క్యాడీకి ఇచ్చేది వేరే. హోటల్‌తో కలిపి గ్యారంటీగా టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) ఇప్పిస్తామనే ప్యాకేజీలు కూడా ఉంటాయి. నన్నడిగితే మీకు అవి దండగ. మీ అబ్బాయి ఇల్లు గంట దూరంలో ఉంది, చేతిలో కావలసినంత సెలవుంది. లాటరీలో అలాంటివాళ్లదే పైచేయి. రైలు లూకర్స్ దాకానే వెళ్తుంది, అక్కడి నుంచి పది నిమిషాల బస్సు. పేరు తగిలేదాకా ఖాళీగా కూర్చోకుండా 1895 నాటి న్యూ కోర్సులోనో, జూబిలీలోనో ఆడండి. అవీ ట్రస్ట్‌వే, తక్కువ ధరకే దొరుకుతాయి, ఆట మాత్రం ఏమాత్రం తక్కువ కాదు.

ఇప్పుడు ఆట సంగతి. నేను మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆడాను. మొదటి టీ దగ్గర టెన్షన్ గురించి ఎవరు ఎంత చెప్పినా తక్కువే. ఒకటో హోలుకూ పద్దెనిమిదో హోలుకూ కలిపి ఒకటే ఫెయిర్‌వే (టీ నుంచి గుంత వైపు సాగే కత్తిరించిన గడ్డి దారి), కళ్లు మూసుకుని కొట్టినా తప్పిపోనంత వెడల్పు. అయినా చేతులు వణుకుతాయి. కంచె పట్టుకుని దారినపోయేవాళ్లు చూస్తుంటారు. ఫెయిర్‌వేకి అడ్డంగా ఊరి రోడ్డు ఒకటి పోతుంది. నేను డ్రైవర్ కర్ర ఎత్తేసరికి పిల్లబండి తోసుకుంటూ ఒకావిడ ఆ రోడ్డెక్కింది. ఆట మొదలుపెట్టించే స్టార్టర్ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపాడు. ఆవిడ ఏ తొందరా లేకుండా దాటి, మాకు చెయ్యూపి మరీ వెళ్లింది. ఊరివాళ్ల కోర్సు అంటే అదీ!

క్యాడీని తప్పకుండా పెట్టుకోండి. ఇది ఖర్చు తగ్గించుకునే చోటు కాదు. మాకు దొరికిన పెద్దాయన నా బ్యాగు వంక చూడనే లేదు, ముందు గడ్డిపరకలు గాల్లోకి విసిరి గాలి ఎటుందో చూసుకున్నాడు. ‘తప్పితే ఎడమకే తప్పాలి’ అన్నది ఆయన రోజంతా జపించిన మంత్రం. కోర్సు వెళ్లేటప్పుడు ఒక అంచున, వచ్చేటప్పుడు రెండో అంచున సాగుతుంది కాబట్టి ఎడమకు పోయిన బంతి పక్క హోలు ఫెయిర్‌వేలో పడి బతికిపోతుంది. కుడికి పోయిందా, ముళ్లపొదల పాలే. ఏడు గ్రీన్లను (గుంత ఉండే నున్నటి గడ్డి) రెండేసి హోళ్లు పంచుకుంటాయి. రెండూ పదహారూ, మూడూ పదిహేనూ, ఇలా ఏ జత కూడినా పద్దెనిమిదే వస్తుంది. వెళ్లేటప్పుడు తెల్లజెండా, వచ్చేటప్పుడు ఎర్రజెండా చూసుకుని కొట్టాలి. నేల గట్టిగా ఉంటుంది కనుక గ్రీన్‌కు ఇరవై ముప్పై గజాల అవతలి నుంచి కూడా బంతిని నేల మీద దొర్లించే కర్ర, పట్టర్‌తోనే కొట్టండి. బంతిని పైకి లేపే సోకులు అక్కడ పనికిరావు.

బంకర్లు, అంటే ఇసుక గుంటలు, 112 అంటారు. అందులో పడితే పౌరుషానికి పోకండి, పక్కకో వెనక్కో కొట్టి ముందు బయటపడండి. పద్నాలుగో హోలులోని హెల్ బంకర్‌లో 1995లో జాక్ నిక్లాస్ అంతటి మేటి ఆటగాడే నాలుగు దెబ్బలు కొట్టి, ఆ హోలుకు పది రాసుకున్నాడు. పదిహేడో హోలు ఇంకో వింత. టీ నుంచి ఫెయిర్‌వే కనిపించదు, హోటల్ షెడ్ల మీదుగా కొట్టాలి. మా క్యాడీ ఆ షెడ్డు గోడ మీదున్న హోటల్ పేరులో ఒక అక్షరాన్ని వేలితో చూపించి, దాని మీదుగా పోనివ్వమన్నాడు. గోడకు కొట్టినా కంగారు పడకండి, ఆ గోడకు ఆ దెబ్బలు రోజూ అలవాటే.

నడక తప్పదు. డాక్టరు కాగితం ఉంటే తప్ప బగ్గీ (కోర్సులో తిరిగే చిన్న బండి) ఇవ్వరు. నాలుగు గంటలకు అటూ ఇటూగా రౌండు ముగించాలి. కాబట్టి పద్దెనిమిదో హోలులోని స్విల్కన్ వంతెన మీద ఫొటోలకు పెళ్లి ఆల్బమ్ అంత సమయం తీసుకోకండి, వెనక నలుగురు కాచుకుని ఉంటారు. వంతెన చూడటానికి మరీ చిన్నది. 2023లో దాని మొదట్లో కాస్త రాళ్లు పరిస్తే లోకమంతా గగ్గోలు పెట్టింది, కొద్ది రోజుల్లోనే పీకేశారు.

మీ ఆవిడ సంగతి అన్నిటికన్నా సులువు. ఆదివారం ఓల్డ్ కోర్సులో మామూలుగా ఆట ఉండదు, ఊరికి పార్కు అయిపోతుంది. కుక్కల్ని తిప్పేవాళ్లు, పిల్లలు అందరూ అక్కడే. ఆ రోజు పైసా కట్టకుండా ఆమె పద్దెనిమిదో గ్రీన్ దాకా నడిచి, వంతెన మీద తీరిగ్గా ఫొటో దిగొచ్చు. పక్కనే హిమాలయాస్ అనే పట్టింగ్ గ్రీన్ ఉంది, 1867లో మొదలైన ఆడవాళ్ల క్లబ్బుది. కొద్ది పౌండ్లకే ఎవరైనా ఆడొచ్చు. గుట్టలూ పల్లాల మీద పట్టర్‌తో దొర్లించడమే ఆట. మీ ఆవిడ అక్కడ మిమ్మల్ని ఓడించే అవకాశం బాగానే ఉంది, ముందే చెబుతున్నాను.

ప్రశ్న: మా అల్లుడు ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరి క్రికెట్ టీమ్‌లో ఆడతాడు. ‘అదృష్టం బాగుంటే లార్డ్స్‌లో ఆడతాం మావయ్యా’ అంటాడు. కోతలే కదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కోతలు కావండీ, అల్లుడిగారిని అనుమానించకండి. అక్కడ పల్లెటూరి జట్లకని జాతీయ నాకౌట్ పోటీ ఉంది. 1972లో మొదలైంది, ఆ ఏడు కార్న్‌వాల్‌లోని ట్రూన్ అనే ఊరు గెలిచింది. ఫైనల్ సాధారణంగా లార్డ్స్‌లోనే. అయితే వందల జట్లలోంచి చివరి రెండింటిలో నిలవాలి, అదృష్టం అన్నది అందుకే. ఆయన బౌలరైతే ఒక మాట చెప్పండి. ఆ మైదానం ఒక పక్క నుంచి రెండో పక్కకు ఎనిమిది అడుగులు వాలి ఉంటుంది. పెవిలియన్ వైపు నుంచి వేస్తే బంతి కుడిచేతి బ్యాటరుకు లోపలికి వస్తుంది, ఎదురుగా ఉన్న నర్సరీ వైపు నుంచి వేస్తే బయటికి పోతుంది. బంతికి ముందు మనిషే పల్లంలోకి జారకుండా చూసుకోవాలి.

ప్రశ్న: వింబుల్డన్ సెంటర్ కోర్టులో డబ్బు కడితే ఓ గంట ఆడనిస్తారా?
– ఇంటర్ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఇవ్వరమ్మా. అది ప్రైవేటు క్లబ్బు, మెంబర్లకే ఆ కోర్టు అందదు. అక్కడ బ్యాలెట్ ఉంది గానీ అది చూడటానికి టికెట్ల కోసం. ఒక్క ముచ్చట మాత్రం ఉంది. టోర్నమెంటుకు ముందు శనివారం నాడు నలుగురు మహిళా సభ్యులు సెంటర్ కోర్టులో డబుల్స్ ఆడి గడ్డిని పరీక్షించడం ఆనవాయితీగా వచ్చింది. చాలా ఏళ్లు ఛాంపియన్ల కన్నా ముందు ఆ గడ్డి తొక్కింది వాళ్లే.

ప్రశ్న: విదేశాల సంగతి సరే. హైదరాబాద్‌లో మాలాంటి మామూలు వాళ్లు అడుగుపెట్టగల పెద్ద స్టేడియం ఏదైనా ఉందా? నేను రోజూ పొద్దున పరిగెడతాను.
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: పరిగెడతానని మీరే చెప్పారు కాబట్టి దారి దొరికింది. హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ గానీ, ఫుల్ గానీ తీసుకోండి. ముగింపు గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంలో. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగింది అక్కడే. ఆగస్టులో ఉంటుంది, వాన పడొచ్చు, ఉక్కపోత మాత్రం ఖాయం. ఫ్లైఓవర్లు ఎక్కిదిగాల్సి ఉంటుంది కాబట్టి ఇప్పటి నుంచే వారానికోసారి ఎత్తు రోడ్ల మీద ప్రాక్టీస్ చేయండి. కొత్త బూట్లు ఆ రోజు వేసుకోవద్దు.