ఎక్స్‌రే నార్మల్ వచ్చినా నడుం నొప్పి తగ్గడం లేదు... ఏ స్కాన్ చేయించాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు, షుగర్ ఉంది. గత నెల లంగ్ క్యాన్సర్ అని తేలింది. ఇప్పటిదాకా ఛాతీకి సీటీ మాత్రమే తీశారు. పది రోజులుగా నడుం నొప్పి అంటున్నారు. ఎక్స్‌రే నార్మల్. ఒక డాక్టర్ బోన్ స్కాన్ అన్నారు, ఇంకొకరు పెట్ సీటీ అన్నారు. రెండూ చేయించాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి కాళ్ల సంగతి చూడండి. నడుస్తుంటే తూలుతున్నారా? కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదా? మూత్రం ఆగిపోవడమో, తెలియకుండా పోవడమో ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లి వెన్నెముక మొత్తానికి ఎమ్మారై తీయించండి. లంగ్ క్యాన్సర్ వెన్నెముకకు పాకి, ఆ గడ్డ వెన్నుపామును నొక్కుతోందేమో తేల్చేది అదే. కాళ్లు పడిపోయాక మళ్లీ నడిపించడం చాలా కష్టం.

అవేవీ లేకపోతే పెట్ సీటీ చేయించండి. అది చేయిస్తే సాధారణంగా బోన్ స్కాన్ అక్కర్లేదు. ఎక్స్‌రే బాగుందని మాత్రం ధీమాగా ఉండొద్దు. ఎముకలో ఖనిజం దాదాపు 30 నుంచి 50 శాతం పోతేగానీ అందులో తేడా కనపడదు.

బోన్ స్కాన్‌లో టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందును నరానికి ఎక్కించి, 2 నుంచి 4 గంటలయ్యాక ఒళ్లంతా ఫొటో తీస్తారు. ఎముక కొత్తగా కట్టుకుంటున్న చోటల్లా ఆ మందు చేరుతుంది. అందుకే బండి మీద నుంచి పడి విరిగిన పక్కటెముక, మోకాలి అరుగుదల కూడా నల్లగా కనిపిస్తాయి. ఆ మచ్చలు చూసి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడిపోతారు. పైగా లంగ్ క్యాన్సర్ ఎక్కువగా ఎముకను తినేసే రకం. కొత్త ఎముక కట్టని చోట కొన్ని మచ్చలు ఈ స్కాన్‌కు చిక్కవు.

పెట్ సీటీలో ఇచ్చేది గ్లూకోజ్ లాంటి మందు. క్యాన్సర్ కణాలు దాన్ని ఎక్కువగా లాక్కుంటాయి కాబట్టి, జబ్బు ఇంకా మూలుగలో ఉన్నప్పుడే పట్టుబడే అవకాశం ఎక్కువ. లివర్‌కు, కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులకు పాకిందేమో కూడా అందులోనే తెలిసిపోతుంది. మెదడుకు మాత్రం విడిగా ఎమ్మారై కావాలి.

నాన్నగారికి షుగర్ ఉంది కదా, స్కాన్ టైముకి అది 200 లోపు ఉండాలి. కనీసం 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. మాత్రలు, ఇన్సులిన్ ఎలా వాడాలో సెంటర్ వాళ్లను ముందే అడగండి.

పెట్ సీటీ అందుబాటులో లేకపోతే బోన్ స్కాన్ చేయించి, అనుమానం వచ్చిన చోట ఎమ్మారై తీయిస్తే సరిపోతుంది. ఎముకలో ఒకే ఒక్క మచ్చ కనిపిస్తే, నాలుగో స్టేజీ (వేరే అవయవాలకు పాకిన దశ) అని తేల్చేసే ముందు బయాప్సీ (అక్కడి చిన్న ముక్క తీసి పరీక్షించడం) గురించి తప్పకుండా అడగండి. వైద్యం దారే మారిపోవచ్చు.

స్కాన్ డేట్ దొరికేదాకా ఆయన్ని నొప్పితో ఉంచకండి. నొప్పి మందు కోసం ఈరోజే డాక్టర్‌ను అడగండి. అంతవరకు బరువులు ఎత్తనివ్వకండి.