అల్లుడూ, ఎండెక్కకముందే ఆయిల్ చూసుకో

విశాఖపట్నం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. నువ్వు సెకండ్ హ్యాండ్‌లో ఆటోమేటిక్ ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్ కొన్నావనీ, దాని వెనక ట్రైలర్ తగిలించి భీమిలికీ రుషికొండకీ మధ్య జెట్ స్కీలు లాగుతున్నావనీ చెప్పింది. సంతోషం. ఆ తర్వాత చెప్పిన మాటే నచ్చలేదు. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని అమ్మినవాడు అన్నాడట. ఎవరి జీవితం అని అడిగావా? గేర్‌బాక్స్ ఎప్పుడు పోతే దాని జీవితం అప్పటితో సరి. ఆ లెక్కన వాడు అబద్ధమాడలేదులే.

ఒంటరిగా తిరిగే బండి వేరు, బరువు లాగే బండి వేరు. నీ బండిలో క్లచ్ ప్లేటు బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజిన్ వైపు రెక్కలు ఆయిల్‌ని విసిరికొడితే, ఆ ఊపుకి గేర్‌బాక్స్ వైపు రెక్కలు తిరుగుతాయి. రెండూ ఒకే వేగంతో తిరిగేదాకా మధ్యలో జారుడు ఉంటుంది. ఆ జారుడంతా వేడిగా మారి ఆయిల్‌లోకే పోతుంది. వెనక ట్రైలర్ ఉంటే జారుడు ఎక్కువ, వేడీ ఎక్కువే. మామూలుగా ఆ ఆయిల్ 80, 90 డిగ్రీల్లో ఉంటే బెంగ లేదు. 120 దాటి నడుస్తూ ఉంటే మాత్రం త్వరగా పాడవుతుంది. వేడి పదేసి డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆయిల్ చెడే వేగం రెట్టింపవుతుందని మా మెకానిక్‌ల మోటు లెక్క. ట్రైలర్ లాగే బండికి నేనైతే 40,000 కిలోమీటర్లు దాటనివ్వను. నీది సెకండ్ హ్యాండ్, పాత ఓనరు ఏం చేశాడో తెలీదు కాబట్టి మీటరు ఎంత చూపించినా ఇప్పుడే మార్చాలి.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు నడిపే రోజుల్లో ఒకాయన ఆటోమేటిక్ ఫోర్ వీల్ డ్రైవ్ తెచ్చాడు. మర్నాడు అరకులో షూటింగ్‌కి జనరేటర్ ట్రైలర్ లాక్కెళ్ళాలి, ఆయిల్ మార్చమన్నాడు. మే నెల సాయంత్రం. బండి అప్పుడే హైవే మీద నుంచి వచ్చింది, గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. ఆ బండికి చెప్పిన ఆయిల్ నా దగ్గర లేదు. ఎర్రగానే ఉంది కదా అని ఉన్నదేదో పోసేశాను. వేడి మీదే లెవల్ చూశాను. ఎక్కువైన ఆయిల్ బయటికి పోయే ఓవర్‌ఫ్లో బోల్టు విప్పితే ఆయిల్ ధారగా కారింది. నిండింది కాబోలనుకుని బిగించి పంపించాను. మర్నాడు శృంగవరపుకోట దాటి అనంతగిరి మలుపులు ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి కదలట్లేదని ఫోను. నేను లారీ ఎక్కి వెళ్ళేసరికి బండి కింద నుంచి మాడిన వాసన. గేర్‌బాక్స్ లోపల గేర్లని పట్టి ఉంచే క్లచ్ ప్యాకులు కాలిపోయాయి. రిపేరు ఖర్చులో సగం నేనే పెట్టుకున్నాను. మీ అత్త ఆ సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

లెవల్ విషయం సరిగ్గా అర్థం చేసుకో, అసలు పని అంతా అక్కడే ఉంది. నీ బండి గేర్‌బాక్స్‌కి ఆయిల్ లెవల్ చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, ఉండదు. ఆయిల్ ఫలానా వేడి దగ్గర ఉన్నప్పుడు, ఇంజిన్ నడుస్తూ ఉండగా ఓవర్‌ఫ్లో బోల్టు విప్పి చూడాలి. చాలా బండ్లకి ఆ వేడి 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, నీ బండి అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూసుకో. ఆయిల్ వేడెక్కితే పొంగుతుంది. మరీ వేడి మీద విప్పితే ఉండాల్సిన ఆయిల్ కూడా కారిపోయి, చల్లారాక తక్కువవుతుంది. నేను చేసింది అదే. చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఎక్కువ పోసేస్తావు, అది బండి నడిచేటప్పుడు నురగ కడుతుంది. ఇప్పుడు మన ఊరి ఎండ సంగతి ఆలోచించు. మే నెలలో మధ్యాహ్నం బండి నీడలో నిలబెట్టినా ఆయిల్ 35 దగ్గర ఉంటుంది. ఇంజిన్ వేసి నాలుగుసార్లు గేర్ కదిపేసరికే అంకె దాటిపోతుంది. అందుకే రాత్రంతా బండి నిలిపేసి, తెల్లారి ఆరింటికి పని మొదలుపెట్టాలి. సిమెంటు నేల సమంగా ఉండాలి. ముందు వైపు మాత్రమే జాకీ ఎత్తి లెవల్ చూడకు.

బండి కిందకి దూరగానే చెయ్యాల్సిన మొదటి పని, ఆయిల్ పోసే బోల్టు ఊడుతుందో లేదో చూడటం. అది ఊడాకే కింద డ్రెయిన్ బోల్టు ముట్టుకో. ఉన్న ఆయిల్ అంతా వదిలేశాక పైబోల్టు తుప్పుతో బిగుసుకుపోతే, బండిని అక్కణ్ణించి తోసుకుని కూడా పోలేవు. సముద్రం గాలికి ఇక్కడ ఏ బోల్టునీ నమ్మలేం.

కారిన ఆయిల్‌ని కొలత డబ్బాలో పట్టు. ఎంత వచ్చిందో అంతే తిరిగి పోస్తే లెవల్‌కి దగ్గరగా వస్తావు. తెల్లటి టిష్యూ మీద ఒక చుక్క వేసి చూడు. ఎరుపు కాస్త ముదిరితే పర్లేదు. కాఫీ డికాక్షన్‌లా ఉండి మాడు వాసన వస్తే వేడి తిన్నదన్నమాట. రోజ్ మిల్క్‌లా ఉంటే బండి స్టార్ట్ చెయ్యకు, నాకు ఫోన్ చెయ్యి. రేడియేటర్ లోపల గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ చిల్లుపడి కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి వచ్చిందని అర్థం.

పాన్ విప్పితే అడుగున చిన్న అయస్కాంతాలు కనిపిస్తాయి. వాటికి తడి విబూదిలా బూడిదరంగు పేస్టు అంటుకుంటే భయపడకు, అది మామూలు అరుగుదలే. తుడిచి మళ్ళీ అక్కడే పెట్టు. ఇనప ముక్కలు, పెచ్చులు గుచ్చుకుంటే మాత్రం కొత్త ఆయిల్ పోసినా లాభం లేదు. ఫిల్టరు, పాన్ గ్యాస్కెట్ కొత్తవి వేసెయ్. పాన్ బోల్టులు చిన్నవి, బలం చూపిస్తే మర చెడిపోతుంది. ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ రెంచి వాడు.

ఆయిల్ సంగతి. నీ బండికి టొయోటా డబ్ల్యూఎస్ రకం. పాత టీ-ఫోర్ రకంతో కలపకూడదు, రెండూ ఎర్రగానే ఉంటాయి గానీ చిక్కదనం వేరు. రంగు చూసి కొనేవాణ్ణి ఇందాకే చూశావుగా. ఒకసారి డ్రెయిన్ చేస్తే మొత్తంలో మూడోవంతు, కాస్త అటూ ఇటూగా వస్తుంది. మిగతాది కన్వర్టర్‌లోనూ కూలర్ పైపుల్లోనూ ఉండిపోతుంది. అందుకని మార్చి, రెండు మూడు రోజులు తిప్పి మళ్ళీ మార్చు. అలా మూడుసార్లు. మెషిన్ పెట్టి అంతా ఒకేసారి కడిగేస్తామంటారు కొందరు. చరిత్ర తెలియని పాత బండికి నేను ఒప్పుకోను.

పోశాక ఏసీ ఆపి, ఇంజిన్ వేసి, బ్రేకు తొక్కి పట్టుకుని లివర్‌ని పార్కింగ్ నుంచి రివర్స్, న్యూట్రల్, డ్రైవ్, ఒక్కోచోట మూడు నాలుగు సెకన్లు ఆపుతూ తిప్పి మళ్ళీ పార్కింగ్‌లోకి తీసుకురా. బండికి తగిలించి లోపలి అంకెలు చూసే స్కానర్‌లో ఆయిల్ వేడి చూడు. అంకె రాగానే ఓవర్‌ఫ్లో బోల్టు విప్పు. ఏమీ రాకపోతే కొంచెం పొయ్యి. ధారగా వస్తుంటే ఆగు. అది చుక్కలుగా మారగానే కొత్త వాషరు వేసి బిగించెయ్.

గేర్‌బాక్స్ ఒక్కటీ చేసి చేతులు కడుక్కోకు. ముందు వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందూ వెనకా యాక్సిళ్ళలో ఉండే డిఫరెన్షియల్స్, మూడింటిలోనూ విడిగా ఆయిల్ ఉంటుంది, అదీ మార్చాలి. ట్రైలర్‌ని నీళ్ళలోకి దింపేటప్పుడు వెనక యాక్సిల్ కూడా తడుస్తుంది కదా. వేడి డిఫరెన్షియల్ చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి బయటిది లాక్కుంటుంది. గాలి వచ్చిపోవడానికి పెట్టిన బ్రీదర్ పైపు మూసుకుపోయి ఉంటే సీళ్ళ సందులోంచి ఉప్పునీళ్ళే లోపలికి పోతాయి. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లబడితే అదే. రేవు దగ్గరికి రాగానే తొందరపడి దింపకు, పదిహేను నిమిషాలు ఆగు. ఇంటికొచ్చాక బండి కిందంతా మంచినీళ్ళు కొట్టు.

తడి ఇసుకలో ట్రైలర్ పైకి లాగేటప్పుడు నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగే ఫోర్-ఎల్ వెయ్యి, కన్వర్టర్ మీద బరువు తగ్గుతుంది. తారు రోడ్డెక్కగానే టూ వీల్‌కి మార్చు. వాలులో బ్రేకు బదులు యాక్సిలరేటర్‌తో బండిని ఆపి ఉంచే అలవాటు నీకుంది, నేను చూశాను. మానెయ్. రెండు నిమిషాల్లో ఆయిల్ ఉడికిపోతుంది. డిసెంబర్‌లో అరకు వెళ్తానంటున్నావట. ఘాట్‌లో గేర్ పైకీ కిందకీ ఊగిసలాడుతుంటే ఎస్ మోడ్‌లో పెట్టి తక్కువ గేరులో నడుపు. దిగేటప్పుడూ అంతే, బ్రేకు మీదే ఆధారపడకు. పైకెక్కాక వెంటనే ఇంజిన్ కట్టెయ్యకుండా పార్కింగ్‌లో కాసేపు నడవనిస్తే ఆయిల్ కూలర్‌లో తిరిగి చల్లబడుతుంది. ఏటా ఘాట్ ఎక్కే ఆలోచన ఉంటే రేడియేటర్ ముందు విడిగా ఒక కూలర్ పెట్టించు. గేర్‌బాక్స్ రిపేరుతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు.

పాత ఆయిల్ గెడ్డలో పారబోయకు. డబ్బాలో పట్టి తెస్తే కొనేవాడి దగ్గరికి నేనే పంపిస్తాను.

శనివారం రాత్రే బండి తెచ్చి మన షెడ్డులో పెట్టి పడుకో. స్కానర్, టార్క్ రెంచి నా దగ్గరున్నాయి. ఆయిల్, ఫిల్టరు, పాన్ గ్యాస్కెట్, మూడు విడతలకీ సరిపడా వాషర్లు నువ్వు తీసుకురా. ఆయిల్ డబ్బా మీద పేరు ఫోటో తీసి ముందు నాకు పంపించు, ఆ తర్వాతే డబ్బులివ్వు.

ఇట్లు,
మీ మావయ్య