డిస్నీ పాయింట్లా, హిల్టన్ పాయింట్లా: రిసేల్‌లో కొనేముందు ఏడాది బిల్లు చూడండి

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం, నేనూ మా ఆవిడా ఇద్దరం జాబ్ చేస్తాం, పిల్లలకి 6, 9 ఏళ్ళు. ఇంకా హెచ్‌1బీ మీదే ఉన్నాం, గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఉన్నాం. రెండేళ్ళకోసారి ఆర్లాండో వెళ్తాం, మధ్యలో ఏడాది వేగాస్‌కో ఇంకెక్కడికో. సమ్మర్‌లో అమ్మావాళ్ళు ఇండియా నుంచి వస్తే అందరం కలిసే వెళ్తాం. పోయిన నెల వేగాస్‌లో టైమ్‌షేర్ (ఏటా కొన్ని రోజులు రిసార్ట్‌లో ఉండే హక్కు కొనుక్కోవడం) ప్రెజెంటేషన్‌కి కూర్చున్నాం గానీ సంతకం పెట్టలేదు, తర్వాత పాత ఓనర్ల దగ్గర కొనుక్కునే రిసేల్ అని ఒకటుంటుందని తెలిసింది. ఒక బ్రోకర్ దగ్గర హిల్టన్ గ్రాండ్ వెకేషన్స్ వేగాస్ రెండు బెడ్‌రూముల ప్లాటినం (డిమాండ్ ఎక్కువుండే సీజన్) వీక్ 1,500 డాలర్లకే ఉంది, ఇంకోచోట డిస్నీ వెకేషన్ క్లబ్ సారటోగా స్ప్రింగ్స్ 160 పాయింట్లు 16,000 డాలర్లు. రెండూ పాయింట్లే కదా, ఇంత తేడా ఎందుకు? చవగ్గా ఉందని హిల్టన్ వైపే మనసు లాగుతోంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: ముందు, సంతకం పెట్టకుండా లేచి వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ టేబుల్ దగ్గర పదుల వేలకి అమ్మే వీక్‌లే రిసేల్‌లో వెయ్యికీ రెండు వేలకీ దొరుకుతుంటాయి. ఇది చదివేవాళ్ళలో ఈ వారమే ఎవరైనా సంతకం పెట్టేసి ఉంటే మాత్రం ఇక్కడ ఆగి ముందు ఆ కాగితాలు తియ్యండి, డెవలపర్ దగ్గర కొన్నవాళ్ళకి నెవాడాలో 5 రోజులు, ఫ్లోరిడాలో 10 రోజుల లోపు రాతపూర్వకంగా క్యాన్సిల్ చేసుకునే హక్కుంది, నోటీసు ఏ అడ్రస్‌కి ఎలా పంపాలో కూడా అందులోనే రాసి ఉంటుంది.

ఇంత తేడా ఎందుకని అడిగారు, అది అర్థమైతే మిగతా సగం దానంతటదే తేలిపోతుంది. హిల్టన్‌లో మీరు కొనేది చాలావరకు ఒక డీడ్, అంటే ఫలానా రిసార్ట్‌లో ఫలానా సైజు యూనిట్‌లో ఏడాదికో వారం, దానికి క్లబ్ రూములు బుక్ చేసుకోవడానికి ఇన్ని పాయింట్లని ఇస్తుంది. ఆ డీడ్‌కి సాధారణంగా ఎక్స్‌పైరీ ఉండదు. మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా మెయింటెనెన్స్ ఫీజు ప్రతి ఏడాదీ వస్తుంది, పైన క్లబ్ డ్యూస్ వేరు, మీ తర్వాత అది మీ ఎస్టేట్‌లోకి కూడా వెళ్తుంది. ఇప్పుడు 1,500కి అమ్ముతున్న ఆ ఓనర్ సంపాదించుకుందామని అమ్మట్లేదు, ఆ ఫీజు తన నెత్తిమీంచి దిగితే చాలని అమ్ముతున్నాడు. కొంతమంది క్లోజింగ్ ఖర్చులు కూడా తామే పెట్టుకుని ఊరికే ఇచ్చేస్తారు. అంటే మీరు నిజంగా ఒప్పుకుంటున్న ధర ఆ 1,500 కానే కాదు, ఆ ఏడాది బిల్లు, అదీ ఎప్పటిదాకానో తెలియని బిల్లు.

డిస్నీది వేరే పద్ధతి. డిస్నీ వెకేషన్ క్లబ్ (డీవీసీ) 1991లో మొదలైంది, దాని కాంట్రాక్ట్‌లన్నిటికీ చివరి తేదీ ఉంటుంది. పాత రిసార్ట్‌లు చాలావరకు 2042తో అయిపోతాయి, మీరు చూస్తున్న సారటోగా 2054 దాకా, రివియేరా 2070 దాకా. డైరెక్ట్‌గా డిస్నీ దగ్గర కొంటే పాయింట్‌కి 200 డాలర్ల పైమాటే కాబట్టి 100కి దొరికే రిసేల్‌కి కొనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, ధర మరీ తక్కువైతే డిస్నీయే రైట్ ఆఫ్ ఫస్ట్ రిఫ్యూజల్ (అదే ధరకి ముందు తనే కొనుక్కునే హక్కు) వాడి మీ చేతిలోంచి లాగేసుకుంటుంది (హిల్టన్‌కీ ఆ హక్కుంది, వాడుతుంది కూడా). ఆ 16,000లో మంచి భాగం ఏంటంటే రేపు అవసరం వస్తే అమ్ముకోగలననే భరోసా, అదే హిల్టన్ వీక్‌కి కష్టం.

ఇప్పుడు లెక్క వేద్దాం. డీవీసీ డ్యూస్, అంటే ఏటా కట్టే ఫీజు, పాయింట్‌కి ఏడాదికి 8.50 అనుకుందాం (మీ లిస్టింగ్‌లో అసలు నంబర్ ఉంటుంది, అది పెట్టుకోండి). 160 పాయింట్లకి 1,360. కొన్న 16,000ని 2026 నుంచి 2054 దాకా 28 ఏళ్ళకి సమంగా పంచితే ఏడాదికి 571 వస్తుంది, బ్రోకర్లు చూపించేది ఈ లెక్కే. కానీ ఆ డబ్బు 5 శాతం వచ్చేచోట పెట్టుకుంటే ఎంతయ్యేదో అది కూడా కలపాలి, అప్పుడు ఏడాదికి సుమారు 1,075 అవుతుంది. మొత్తం 2,435. అదే పాయింట్లు వేరే ఓనర్ల దగ్గర అద్దెకి తీసుకుంటే, పాయింట్‌కి 20 డాలర్లు అనుకుంటే, 3,200. అంటే కొంటే ఏడాదికి 765 డాలర్లు మిగులుతాయి, అదీ ఒక్క పాయింట్ కూడా వేస్ట్ కాకుండా వాడితేనే, నాలుగో వంతు ఎక్స్‌పైర్ అయిపోతే ఆ లాభం అక్కడికక్కడే పోతుంది. పైగా పాయింట్లతో వచ్చేది రూమ్ మాత్రమే, పార్క్ టికెట్లు మీ జేబులోంచే.

హిల్టన్ వీక్‌కి మెయింటెనెన్స్, క్లబ్ డ్యూస్ కలిపి ఏడాదికి 1,700 అనుకుందాం. పైకి డిస్నీ 2,435 కంటే తక్కువే, పైగా ప్రతి ఏడాదీ రెండు బెడ్‌రూములు, కిచెన్, అమ్మావాళ్ళతో హాయిగా ఉండొచ్చు. ఆర్లాండోలో టస్కనీ విలేజ్ లాంటివి ఉన్నాయి, వేగాస్‌లో స్ట్రిప్ మీదే ఉన్నాయి, హవాయి ఉంది. మీ బ్రోకర్ చూపించింది ప్లాటినం కావడం కూడా మంచిదే, ఎందుకంటే ఒకే సైజు యూనిట్‌కి సిల్వర్ అయినా ప్లాటినం అయినా ఫీజు దాదాపు ఒకటే, పాయింట్లు మాత్రం ప్లాటినంకి బాగా ఎక్కువ. ఎవరైనా సిల్వర్ వీక్ ఫ్రీగా ఇస్తామన్నా వద్దనే చెప్తాను. కానీ ఆ 1,700 ఏటా 4 శాతం పెరిగితే 18 ఏళ్ళకి డబుల్, 28 ఏళ్ళకి మూడు రెట్లు, అంటే 5,100. డిస్నీ డ్యూస్ కూడా అలాగే పెరుగుతాయి, అందులో తేడా లేదు, కాకపోతే అది 2054లో ఆగిపోతుంది, మధ్యలో వద్దనుకుంటే అమ్మేసుకోవచ్చు.

160 పాయింట్లతో సారటోగాలో రెండు బెడ్‌రూములు ఒక వారం రాదు, స్టూడియో అయితే వస్తుంది. మీ నలుగురికి స్టూడియో ఇరుకుగా అయినా సరిపోతుంది, అమ్మానాన్నలతో ఆరుగురంటే కుదరదు. కానీ మీరు ఎలాగూ రెండేళ్ళకోసారే వెళ్తారు కాబట్టి ఒక ఏడాది పాయింట్లు బ్యాంక్ చేసి (తర్వాతి ఏడాదికి దాచి) రెండో ఏడాదివి కలిపితే 320 అవుతాయి, చాలా సీజన్లలో రెండు బెడ్‌రూములకి సరిపోతాయి. ఒక్కటే జాగ్రత్త, మీ యూజ్ ఇయర్ (ఏటా మీ పాయింట్లు వచ్చే నెల నుంచి లెక్కేసే ఏడాది) మొదలైన 8 నెలల లోపే బ్యాంక్ చెయ్యాలి, ఆ తేదీ దాటితే అవి ఆ ఏడాదిలోనే వాడుకోవాలి. సమ్మర్‌లో వెళ్ళేవాళ్ళకి ఏ నెల యూజ్ ఇయర్ అనేది చాలా ముఖ్యం, ట్రిప్ క్యాన్సిల్ అయినా బ్యాంక్ చేసుకునే టైమ్ మిగలాలి, కాబట్టి ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ యూజ్ ఇయర్ ఉంటే నేనైతే సంతోషంగా చూస్తాను.

బుకింగ్ విషయంలో స్కూల్ పిల్లలున్నవాళ్ళు తేదీలు మార్చుకోలేరు కాబట్టి ఇది చూడండి. డీవీసీలో హోమ్ రిసార్ట్ (మీరు కొన్న రిసార్ట్) అయితే 11 నెలల ముందు, మిగతా రిసార్ట్‌లు 7 నెలల ముందు. హిల్టన్‌లో మీ సొంత వీక్ 12 నుంచి 9 నెలల మధ్య, పాయింట్లతో వేరే చోటు అయితే 9 నెలల నుంచి. అంటే హిల్టన్ వేగాస్ వీక్ కొని ప్రతిసారీ ఆర్లాండో స్ప్రింగ్ బ్రేక్‌కి వెళ్దామనుకుంటే అక్కడ ముందు వరసలో మీరుండరు. ఏ సిస్టమ్‌లోనైనా ఎక్కువసార్లు వెళ్ళే చోటే హోమ్‌గా కొనుక్కోండి.

రిసేల్ రెస్ట్రిక్షన్స్ మిమ్మల్ని మరీ భయపెట్టక్కర్లేదు. 2016 ఏప్రిల్ తర్వాత రిసేల్‌లో కొన్నవాళ్ళకి డీవీసీ మెంబర్ డిస్కౌంట్లు లేవు, 2019 జనవరి 19 తర్వాత కొన్న పాత రిసార్ట్ పాయింట్లు రివియేరాలో పనిచెయ్యవు. సారటోగాతో కలిపి పాత పద్నాలుగు రిసార్ట్‌లు మీకు సరిపోతాయి. కానీ రివియేరా రిసేల్ మాత్రం కొనకండి, దాంతో రివియేరాలో తప్ప ఇంకెక్కడా ఉండలేరు. హిల్టన్ రిసేల్‌లో మామూలు క్లబ్ బుకింగ్ ఉంటుంది, ఎలీట్ స్టేటస్‌కి లెక్కలోకి రాదు, డైమండ్ రిసార్ట్స్‌ని 2021లో కొన్నాక పెట్టిన మ్యాక్స్ మెంబర్‌షిప్ (రెండు కంపెనీల రిసార్ట్‌లూ బుక్ చేసుకునేది) రాదు.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన మీ వీసా గురించే. రేపు జాబ్ పోయి ఇండియా వెళ్ళాల్సి వస్తే ఆ హిల్టన్ ఫీజు అక్కడ కూర్చుని కడతారా? కట్టకపోతే కలెక్షన్స్‌కి వెళ్తుంది, తిరిగి అమెరికా రావాలనుకున్నప్పుడు క్రెడిట్ పాడై ఉంటుంది. డెవలపర్లు ఒక్కోసారి వెనక్కి తీసుకుంటారు గానీ అది వాళ్ళ ఇష్టం, మీ హక్కు కాదు, ముందే డబ్బు తీసుకుని వదిలిస్తామనే ఎగ్జిట్ కంపెనీల జోలికి అస్సలు వెళ్ళొద్దు. డీవీసీ అయితే అమ్ముకోవచ్చు, కానీ మీరు అప్పటికి ట్యాక్స్ లెక్కలో నాన్‌రెసిడెంట్ అయి ఉంటే ఫిర్ప్టా రూల్ కింద అమ్మకం ధరలో 15 శాతం పట్టుకుని ఐఆర్‌ఎస్‌కి కట్టే అవకాశముంది, నష్టానికి అమ్మినా సరే, తర్వాత రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. అందుకే వెళ్ళాల్సి వస్తే ఇక్కడ ఉండగానే లిస్ట్ చెయ్యండి. సొంతానికి వాడుకున్న టైమ్‌షేర్ నష్టాన్ని ట్యాక్స్‌లో చూపించుకోవడానికి కూడా కుదరదు.

కాబట్టి నా మాట: ఈ హిల్టన్ వీక్ మీరు తీసుకోవద్దు. గ్రీన్‌కార్డ్ వచ్చేసి ప్రతి ఏడాదీ తప్పకుండా వేగాస్‌కో హవాయికో వెళ్ళే కుటుంబానికైతే నేనే తీసుకోమనేవాణ్ణి, మీ పరిస్థితి అది కాదు. డీవీసీ మీకు కుదురుతుంది, కానీ ఇప్పుడే కొనకండి. వచ్చే ఆర్లాండో ట్రిప్‌కి ఒక ఓనర్ దగ్గర పాయింట్లు అద్దెకి తీసుకుని అమ్మానాన్నలతో రెండు బెడ్‌రూముల్లో వారం ఉండి రండి, అద్దె బుకింగ్ క్యాన్సిల్ అయితే డబ్బు తిరిగి రావడం కష్టం కాబట్టి తేదీలు ఖాయం చేసుకున్నాకే కట్టండి. పిల్లలకీ పెద్దవాళ్ళకీ నచ్చి, మళ్ళీ రెండేళ్ళకి రావాలని ఇంట్లో అందరూ అంటే, అప్పుడు ఆ 16,000 చేతిలో క్యాష్‌గా ఉంటేనే కొనండి, దీనికోసం లోన్ గానీ క్రెడిట్ కార్డ్ గానీ వద్దు, ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టుకోవడం దీనికంటే ముందు.

కొనేరోజు వస్తే టైటిల్ కంపెనీ తెప్పించే ఎస్టాపెల్ కాగితం ఒక్కటి మీరే కూర్చుని చదవండి. యూజ్ ఇయర్ ఏ నెల, ఈ ఏడాది పాయింట్లు ఎన్ని మిగిలాయి, వచ్చే ఏడాదివి ఓనర్ ముందే బారో చేసి వాడేశాడా, డ్యూస్ బాకీ ఉందా, అన్నీ అందులో ఉంటాయి. 160 పాయింట్లని లిస్టింగ్‌లో రాసి అసలు మొదటి ఏడాదికి సున్నా మిగిలిన కాంట్రాక్ట్‌లు చాలా ఉంటాయి. అలాంటిదైతే ఆ ఏడాది డ్యూస్ ఓనర్‌నే కట్టమని, ధర కూడా తగ్గించమని బ్రోకర్‌కి మెయిల్‌లో రాయండి, ఫోన్‌లో చెప్పి వదిలెయ్యకండి.